నీలం గీత

మూడో రోజు కూడా కోడలు ఆ ఇంట్లో అన్నం ముట్టలేదు.

బడికి వెళ్తోంది, వస్తోంది. బట్టలు ఉతుక్కుంటోంది. భర్త ఏమడిగినా ఊఁ, ఉహూఁ అంటోంది. మామగారు ఎదురుపడితే మాత్రం గోడకు ఒత్తిగిలి దారి ఇస్తోంది. ఆ దారి ఇవ్వడమే సర్వేయరు తట్టుకోలేకపోతున్నాడు. నాలుగు మాటలు అన్నా బాగుండేది.

భోజనాల బల్ల మీద రెండు పటాలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. అంచులు చుట్టుకుపోకుండా కోడలే నాలుగు మూలలా తగరపు రాళ్లు పెట్టింది. వాటిని తీసే ధైర్యం ఎవరికీ లేదు. అత్తగారు మూడు రోజులుగా కంచాలు వంటింటి అరుగు మీదే పెడుతోంది.

"ఎన్నాళ్లండీ ఇవి ఇక్కడ?" అంది ఆమె ఆ ఉదయం, టీ గ్లాసు అందిస్తూ.

"తను పెట్టింది. తనే తియ్యాలి."

"నలభై ఏళ్లు మీతో కాపురం చేశాను. మీ పటాల్లో ఏముంటుందో చూడాలని ఒక్కరోజూ అనిపించలేదు. ఈ మూడు రోజుల్లో చూశాను. ఒకదాంట్లో నీలం గీత ఉంది, రెండోదాంట్లో లేదు. తేడా అంతేగా?"

"అంతే."

"ఒక్క గీతకి ఇంత గొడవేమిటని అడుగుదామనుకున్నాను." ఆమె కిటికీలోంచి రేకుల మీద పడుతున్న వానని చూసింది. "అడగబుద్ధి కాలేదు."

సర్వేయరు టీ తాగలేదు. గ్లాసు అరచేతుల మధ్య చల్లారిపోయింది.

ఊళ్లో ఆయన్ని అందరూ పటాలాయన అంటారు. అడవి మధ్య, నది తప్ప వేరే దారి సరిగ్గా లేని ఆ ఊరిలో తగరపు గని మూతపడి ఎనిమిదేళ్లయింది. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్లు ఆ గని కడుపులో ప్రతి మలుపునూ కొలిచి కాగితం మీద పెట్టింది ఆయనే. ఇప్పుడు గని పాత ఆఫీసును ప్రదర్శనశాలగా మార్చారు. రేపు పొద్దున పది గంటలకు ప్రారంభం. మొదటి ప్రసంగం ఆయనదే.

అందులోని రాతలన్నీ కోడలివి. బడిలో ఆమె భూగోళం చెబుతుంది, చేతిరాత ముత్యాల వరస. రెండేళ్లు ముసలివాళ్ల చుట్టూ తిరిగి ఆ గని కథంతా పోగుచేసింది. ముందు కొండజనం నదిలోని ఇసుకను చెక్కపళ్లాల్లో గాలించి తగరం తీసుకునేవారు. నూట పది ఏళ్ల కిందట మొదటి కంపెనీ వచ్చింది. బాయిలరును ముక్కలుగా విప్పి తెప్పల మీద లాక్కొచ్చారు. తీరం నుంచి పడవల్లో తెచ్చిన కూలీల్లో సగం మంది మొదటి వానాకాలం దాటకుండానే జ్వరాలకు పోయారు. వాళ్లను ఎక్కడ పూడ్చారో ఎవరూ రాసిపెట్టలేదు. బతికినవాళ్లు నడుం వంచి, ఖనిజం ఎటు పోతే అటు తవ్వుకుంటూ పోయారు. లెక్క లేదు, పటం లేదు. ఆ సొరంగాలను తర్వాతి పనివాళ్లు ఎలుకబొక్కలన్నారు. మొదటి కంపెనీ వెళ్లిపోయాక వాటి నిండా వాననీళ్లు చేరాయి. ఆ తర్వాత రెండో కంపెనీ, పెద్ద బావి, లిఫ్టు, రేకుల క్వార్టర్లు.

చివరి బోర్డు ప్రమాదానిది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఒక ఎలుకబొక్క తెగి, దానిలో నిలవున్న నీళ్లు గని మీద పడ్డాయి. ఇరవై రెండు మంది పోయారు. ఆ పేర్లన్నీ కోడలు నిలబడి, కుంచెతో, ఒక్క అక్షరమూ వంకర పోకుండా రాసింది.

నిజానికి పోయినవాళ్లు ఇరవై మూడు. ఇరవై మూడో మనిషి మందుగుండు పేల్చిన మేస్త్రీ. ఊళ్లో మందు మేస్త్రీ అనేవారు. తాగిన మత్తులో, ఎదురుగా ఏముందో చూసుకోకుండా పేల్చాడని విచారణలో తేల్చారు. ఆయన కోడలి తండ్రి. అప్పటికి ఆమెకు ఏడాది.

పోయిన వారం బోర్డు పూర్తిచేస్తూ ఆమె మామగారిని అడిగింది. "నాన్న పేరు కూడా రాయనా మామయ్యా? వద్దంటారా?"

"నీ ఇష్టం అమ్మా," అన్నాడాయన.

ఆమె రాయలేదు. మూడు రోజుల తర్వాత, ప్రదర్శనకు పెట్టడానికని ఆయన ఇచ్చిన రేకు గొట్టం తెరిస్తే, ఒక పటం మడతలో ఇంకో పటం దొరికింది.

*

కొడుకు లాంచీల రేవు నుంచి పదకొండింటికి వచ్చాడు. ఇంజన్లు బాగుచేసే పని అతనిది. పనిముట్ల సంచీ గుమ్మంలో పడేసి, చేతులకు నూనె మరకలతోనే తండ్రి ఎదుట నిలబడ్డాడు.

"ఒక్కటి చెప్పు నాన్నా. ఈ సంబంధం తెచ్చింది నువ్వే కదా?"

"నేనే."

"ఆసుపత్రి ఆయమ్మ కూతురు బాగా చదువుకుంది, ఒకసారి చూసిరారా అన్నావు. ఊరంతా అదేం పని అన్నా, అమ్మ నాలుగు రోజులు ముఖం మాడ్చుకున్నా, నువ్వు పట్టు విడవలేదు. తండ్రి చేసినదానికి పిల్లేం చేసిందన్నావు. నీ మంచితనానికి పొంగిపోయాను నేను. రేవులో అందరితో చెప్పుకున్నాను కూడా."

సర్వేయరు తల దించుకున్నాడు.

"ఇంతకీ నేనేంటి? నీ పుండు మీద చుట్టుకున్న గుడ్డముక్కనా?"

"నువ్వు ఆ అమ్మాయిని ఇష్టపడ్డావు కదరా."

"ఇష్టపడ్డాను. ఇప్పటికీ ఇష్టమే. ఆ మాట ఇప్పుడు తనతో ఏ మొహం పెట్టుకుని చెప్పను? రాత్రి చెప్పబోయాను. 'మీ నాన్న చూపించాక కదా ఇష్టపడ్డారు' అంది. అంతే. అటు తిరిగి పడుకుంది."

వంటింటి గుమ్మంలోంచి తల్లి అంది. "ఆయన్ని అంటావేం, నన్ను కూడా అను. పోయిన నెల పాలు పొంగిపోయాయని ఏమన్నానో తెలుసా? ఇంకొకళ్లయితే నిన్ను ఈ గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు, మేం కాబట్టి తెచ్చుకున్నాం అన్నాను. పాలు పొంగినదానికి." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "అదేం మాట్లాడలేదు. పొయ్యి తుడిచి వెళ్లిపోయింది."

 

"తను ఏది?" అన్నాడు సర్వేయరు చివరికి.

"రేవుకెళ్లింది. వాళ్లమ్మ లాంచీ దిగింది. రమ్మని తనే ఫోను చేసిందట," అన్నాడు కొడుకు.

సర్వేయరు లేచి చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్లాడు. గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. భార్య వచ్చి వాటిని విప్పి సరిగ్గా పెట్టింది.

*

ఆయమ్మ పొట్టి మనిషి. ఇరవై ఏళ్లు కంపెనీ ఆసుపత్రిలో రోగుల పక్కలు మార్చిన చేతులు. గని మూతపడ్డాక దిగువ ఊరి ఆసుపత్రిలో చేరింది. గొడుగు వరండాలో ఆరేసి, చెప్పులు విడిచి, వియ్యపురాలి భుజం మీద చెయ్యి వేసి పలకరించింది.

"మంచినీళ్లు ఇవ్వండి వదినగారూ. లాంచీలో ఒకటే కుదుపు."

నీళ్లు తాగి, బల్లకేసి చూసి, చూడనట్టే కూర్చుంది. "అన్నయ్యగారూ, దాని మాటలు మనసులో పెట్టుకోకండి. పోయినవాళ్లు ఎలాగూ తిరిగిరారు. రేపు సభ పెట్టుకుని ఇప్పుడివన్నీ ఎందుకు?"

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో," అంది కోడలు.

ఆమె బల్ల దగ్గరే నిలబడింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి మామగారి కళ్లలోకి చూసింది. గొంతు మాత్రం తరగతి గదిలో ఉన్నట్టే ఉంది.

"రెండు పటాలకీ నంబరు ఒకటే. సంతకాలు మీవే. నీలం గీత ఉన్న పటం ప్రమాదానికి ఏడు వారాల ముందుది. ఆ గీత ఎలుకబొక్కే కదా?"

"అవును."

"దాన్ని ఎవరు కొలిచారు?"

"నేనే. కొండకి అటువైపు వెదురుపొదల వెనక దాని నోరుందని ఒక కొండమనిషి చూపించాడు. నీళ్లు తగిలేదాకా పాక్కుంటూ వెళ్లి కొలిచాను. అక్కణ్ణించి అవతలికి అంచనాగా గీశాను."

"రెండో పటంలో ఆ గీత లేదు. తేదీ గీకేసి మళ్లీ వేశారు. విచారణలో చూపించింది ఇదే కదా?"

"ఇదే."

"ఎప్పుడు మార్చారు?"

సర్వేయరు బల్ల అంచు పట్టుకున్నాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"తర్వాత," అన్నాడు. "ప్రమాదం అయ్యాక. మేనేజరు బంగళాకి పిలిపించాడు. విచారణవాళ్లు రేపు వస్తున్నారు, ఆ గీత కనపడకూడదన్నాడు. భయపడ్డాను."

ఆ మాట నోరు దాటాక గానీ తాను ఇంకో అబద్ధం ఆడానని ఆయనకు తట్టలేదు. అరవై ఎనిమిదేళ్ల వయసులో, సొంత ఇంట్లో, కోడలి ఎదుట. 

కొడుకు పెద్దగా ఊపిరి వదిలాడు. "అప్పుడు నీ ఉద్యోగం వాళ్ల చేతిలో ఉంది. నువ్వు మాత్రం ఏం చేస్తావ్," అన్నాడు కాస్త మెత్తబడి. ఆ మెత్తదనం సర్వేయరుకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

అప్పుడు ఆయమ్మ అంది. "అయితే మీరూ నేనూ ఒకటే అన్నయ్యగారూ."

కోడలు తల్లివైపు తిరిగింది. "అంటే?"

"బంగళాకి నన్ను కూడా పిలిపించారు. మీ నాన్న పోయిన తొమ్మిదో రోజు. నువ్వు చంకలో ఉన్నావు. కాగితం మీద ఏదో రాసి చదివి వినిపించారు. నా భర్త ఆ పొద్దున తాగి పనిలోకి వెళ్లాడని. వేలిముద్ర వెయ్యమన్నారు. వేస్తే ఆసుపత్రిలో పని, ఉండటానికి గది. వెయ్యకపోతే అదే వారంలో లాంచీ ఎక్కాలి." ఆమె చీరకొంగు వేలికి చుట్టుకుంది. "వేశాను."

"నాన్న తాగేవాడు కాదా?"

"ఆ వాసనంటేనే పడేది కాదు. పక్కింటాయన తాగొస్తే తలుపేసుకునేవాడు."

కోడలు కుర్చీ కోసం చేత్తో వెతికి కూర్చుంది. "బడిలో నన్నేమని పిలిచేవాళ్లో తెలుసు కదా నీకు?"

"తెలుసు."

"మందు కొట్టి మందు పేల్చినోడి కూతురు. పాట కట్టి పాడేవాళ్లు. ఏడుస్తూ ఇంటికొస్తే ఏం చెప్పావు నాకు? పట్టించుకోకు అన్నావు. ఎన్నిసార్లు అన్నావో. అది అబద్ధమే తల్లీ అని ఒక్కసారి అనలేదు."

"చెబితే నువ్వు ఊరుకుంటావా? బయట అంటావు. అప్పుడు ఆ గది పోతుంది."

"గది పోతే పోయేది. నేను ఆయన ఫొటోకి గోడ మీద చోటివ్వలేదమ్మా. పెట్టె అడుగున పడేశాను. బోర్డు మీద ఆయన పేరు రాయలేదు. ఇరవై రెండు పేర్లు రాసి కుంచె కడిగేసుకున్నాను. ఇది నా చేతులతో నేనే చేశాను." ఆమె ఏడవలేదు. అరచేతులు ఒళ్లో బోర్లించి వాటినే చూసుకుంది.

ఆయమ్మ కూతురి దగ్గరకు రాబోయి ఆగిపోయింది. ఇంకేం చేయాలో తోచక సర్వేయరు వైపు తిరిగింది. ఆయన్ని కాపాడితే తానూ కొంత బయటపడతానన్నట్టు మాట్లాడింది.

"మీ మీద నాకెప్పుడూ కోపం లేదన్నయ్యగారూ. ఆయనకి మీరంటే ఎంత గురో నాకు తెలుసు. నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదు, గోడ చెమరుస్తోంది, నాకేదో తేడాగా ఉంది అనేవాడు. ముందురోజు సాయంత్రం మాత్రం నవ్వుతూ వచ్చాడు. 'సర్వేయరు గారిని అడిగాను, అడ్డేమీ లేదన్నారు, ఇంక భయం లేదు' అన్నాడు. పిల్లని భుజాలకెత్తుకుని వరండా అంతా తిప్పాడు. అప్పటికి మీకు మాత్రం ఏం తెలుసు? తెలిస్తే చెప్పేవారు కాదూ."



ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయనకు తెలిసింది ఆఫీసు కిటికీ దగ్గర నిలబడిన ఒక మనిషి సగం కథే. దీపం తగిలించిన టోపీ చంకలో పెట్టుకుని, బురద బూట్లతో లోపలికి రావడానికి మొహమాటపడి, కిటికీలోంచే అడిగిన మనిషి. ఆ మనిషి ఇంటికి వెళ్లి నవ్వాడని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"తెలుసు," అన్నాడు.

"ఏంటి నాన్నా?" అన్నాడు కొడుకు.

"అప్పటికే తెలుసు. ఇందాక అబద్ధం చెప్పాను. పటం మార్చింది ప్రమాదం అయ్యాక కాదు. అంతకు ముందే, నెలన్నర ముందు."

 ఆయన పటం మీద నీలం గీత పక్కన వేలు పెట్టాడు. 

"ఆ గీత గీసి మేనేజరుకి చూపించాను. పాత నీళ్లకి దగ్గరగా తవ్వేటప్పుడు ముందు సన్నటి బెజ్జం వేసి చూడాలి. నీళ్లు వస్తున్నాయో లేదో తేలేదాకా పని ఆపాలి. అప్పుడే మంచి ఖనిజం తగిలింది. వానలు ముగిసేలోగా తీసేద్దామని ఆయన తొందర. 'నువ్వు సగం పాకి, సగం ఊహించి గీశావు. ఊహని పట్టుకుని పని ఆపుతామా? ఈ ఏడాదికి ఆ గీత వద్దు, వానలు తగ్గాక పెడదాం' అన్నాడు. పెద్ద సర్వేయరు పోస్టు ఖాళీగా ఉంది. ఆ మాట ఆయన అనలేదు. నేనే అనుకున్నాను."

"ఆ రోజు రాత్రే..." అని భార్య ఆగిపోయింది. పెద్ద సర్వేయరు అయిన రోజు ఆయన ఇంటికి వచ్చి చెప్పిన తీరు ఆమెకు గుర్తొచ్చిందేమో. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తవ్వే చోటికి తొంభై అడుగుల దూరం ఉందని నా అంచనా. చాలా దూరం, ఏమీ కాదనుకున్నాను. శుభ్రంగా కొత్త పటం గీసి, పాత తేదీయే ఉండేలా గీకి దిద్దాను. నేను పాకలేకపోయిన చోట దానికో పాయ ఉంది. అది ఇటు తిరిగింది. మందు మేస్త్రీ వచ్చి గోడ చెమరుస్తోంది సార్, పటంలో ఏమైనా ఉందా అని అడిగాడు."

"మీరేమన్నారు?" అంది కోడలు.

"వానాకాలం ఏ గోడ చెమర్చదయ్యా అన్నాను. పటంలో అడ్డేమీ లేదన్నాను." ఆయన నీలం గీత పక్కనుంచి వేలు తీశాడు.  "పటంలో లేదన్న మాట అబద్ధం కాదు. ఎన్ని ఏళ్లు ఆ మాట చాటున దాక్కున్నానో."

ఆయమ్మ లేచింది.  వరండాలోకి వెళ్లి, వాన జల్లు కొడుతున్న వైపు చాప మీద అటు తిరిగి కూర్చుంది. వియ్యపురాలు వెనకే వెళ్లబోయి, గుమ్మంలో నిలిచి, వెళ్లే అర్హత తనకుందో లేదో అన్నట్టు వెనక్కి వచ్చింది.

కొడుకు పనిముట్ల సంచీ తీసుకుని మళ్లీ కింద పెట్టాడు. ఎక్కడికి వెళ్లాలో అతనికి తోచలేదు.

*

"పాత పటం గొట్టంలో ఉందని మర్చిపోయి ఇచ్చారా," అని అడిగింది కోడలు చాలాసేపటికి, "లేక నాకు దొరకాలనే ఇచ్చారా?"

"తెలీదమ్మా. నిజంగా తెలీదు. గొట్టం నీ చేతికిచ్చాక వెనక్కి అడుగుదామని రెండుసార్లు వచ్చాను. అడగలేకపోయాను."

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో తెలియలేదు.

"రేపు సభలో చెప్తాను," అన్నాడు సర్వేయరు. "అందరి ముందూ, మైకులో. మీ నాన్న తప్పేమీ లేదని, తప్పు నాదని చెప్తాను."

"వద్దు."

ఆయన బిత్తరపోయాడు. కొడుకు కూడా తలెత్తి చూశాడు.

"వద్దు మామయ్యా." మూడు రోజుల తర్వాత ఆ పిలుపు వచ్చింది. అందులో చనువు లేదు, అలవాటు తప్ప. "సభలో చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. కాసేపు గుసగుసలాడతారు. ఆ తర్వాత ఎవరో ఒకరు లేచి, ఈ వయసులో ఇంత నిజాయితీగా ఒప్పుకున్నారు, ఎంత గొప్ప మనసో అంటారు. చప్పట్లు కొడతారు. మీకు అది కూడా ఒక సన్మానమే అవుతుంది. మా నాన్న పేరు మీద మీరు చప్పట్లు కొట్టించుకోవద్దు."

"మరి ఏం చెయ్యమంటావ్?"

"ఇరవై రెండు ఇళ్లున్నాయి. కొన్ని మూతపడ్డాయి, పదిహేనో పదహారో మిగిలుంటాయి. గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పండి. వాళ్ల ఇంట్లో, వాళ్ల ఎదురుగా. వాళ్లు తిడితే తిట్టించుకోండి. తలుపేస్తే పక్క తలుపు కొట్టండి. ఈ రోజే. సభకి ముందే."

"అమ్మాయ్," అంది అత్తగారు. అది బతిమాలడమో హెచ్చరికో ఆమెకే తెలిసినట్టు లేదు. "ఆ ఇళ్లన్నిటికీ అర్జీలు రాసిపెట్టింది ఈయనే. దేవుణ్ణి చూసినట్టు చూస్తారు. రేపట్నుంచి ఈ ఊళ్లో తలెత్తుకుని ఎలా తిరుగుతాం?"

"నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి దించుకునే తిరిగాను అత్తయ్యా. మెడేమీ విరగలేదు."

అత్తగారు లోపలికి వెళ్లి గొడుగు తెచ్చి భర్త చేతికిచ్చింది. చెయ్యి వెంటనే వదల్లేదు.

"నేనూ వస్తాను," అన్నాడు కొడుకు.

"మీరు మా అమ్మ దగ్గర ఉండండి," అంది కోడలు. "ఒంటరిగా వదలొద్దు. నేను వెళ్తాను. ఈయన దారిలో వెనక్కి తిరుగుతారేమో."

ఆ మాట సర్వేయరు విన్నాడు. 

*

వాన సన్నబడింది. క్వార్టర్ల వీధిలో ఎర్రటి నీళ్లు కాలువ కట్టి పారుతున్నాయి. ఎదురుపడిన వాళ్లు "రేపు మీదే ప్రసంగమట కదా" అని పలకరిస్తున్నారు. సర్వేయరు తల ఊపుతూ నడిచాడు. నాలుగడుగుల వెనక కోడలు. గొడుగు ఒక్కటే, అయినా ఆమె దాని కిందికి రాలేదు. ఆయన కూడా దాన్ని మడిచేసి చేత్తో పట్టుకున్నాడు.

బోర్డు మీద మొదటి పేరు, గని లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మేస్త్రీది. వీధి చివర ఇల్లు. ఆ మేస్త్రీ భార్య జాకెట్లు కుడుతుంది. తలుపు తెరిచి సర్వేయరును చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"పటాలాయనా, మీరా. ఇలా తడిసిపోయారేంటి? కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా. రండి, రండి."

వెనక ఉన్న కోడలు అప్పుడు కనిపించింది. ఇంటావిడ ముఖంలో ఏదో తలుపు మూసుకుంది. "నువ్వూ వచ్చావా," అంది ఊరికే. బడిలో తన మనవరాలికి పాఠం చెప్పే టీచరు అయినా, అంతకు మించి ఎప్పుడూ పలకరించలేదు.

లోపల ఉన్నవి రెండు కుర్చీలు. ఆమె ఒక్కటే ముందుకు లాగి, కొంగుతో తుడిచి, సర్వేయరు ముందు పెట్టింది.

కోడలు గడప బయటే ఆగింది. ఎక్కడ ఆగాలో ఆమెకు బాగా అలవాటు. వానలో, చేతులు కట్టుకుని, నేల చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ఎన్ని గడపల బయట ఆమె ఇలా నిలబడిందో సర్వేయరు ఎప్పుడూ తిరిగి చూడలేదు. ఇప్పుడు చూశాడు.

"కూర్చోండి. వేడిగా ఏమైనా పెట్టనా?"

"వద్దమ్మా. కూర్చోను."

"అదేంటి, మీ ఇల్లే అనుకోండి. మా ఆయన పోయినప్పుడు మీరు లేకపోతే మాకు దిక్కెవరు?"

సర్వేయరు కుర్చీ వీపు పట్టుకున్నాడు. దారి పొడవునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు.

"మీ ఆయన ఎలా పోయాడో చెప్పడానికి వచ్చాను," అన్నాడు.

ఆమె నవ్వబోయింది. "అదేమన్నా కొత్తా పటాలాయనా? ఊరందరికీ తెలిసిందేగా." అంటూ గుమ్మం వైపు, వానలో నిలబడ్డ మనిషి వైపు కళ్లతో చూపించింది.

"ఆ అమ్మాయి వైపు చూడకమ్మా," అన్నాడు సర్వేయరు. "నా వైపు చూడు."